ఆటగాడి నష్టానికి విలువ ఉంచండి: విశాఖ గేమ్ డెవలపర్లకు బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

మధురవాడ ఐటీ కొండల మీద చిన్న ఆఫీసుల్లో, యూనివర్సిటీ హాస్టళ్లలో, ఎంవీపీ కాలనీ అద్దె గదుల్లో కూర్చుని గేమ్‌లు చేస్తున్న పిల్లలు మన ఊళ్లో ఉన్నారు. నాకు పరిచయమైన కొందరిది ఒకటే కల. అంతరిక్షంలో నడిచే పెద్ద ఆన్‌లైన్ గేమ్ చేయాలి, అందులో వేలమంది ఒకేసారి ఆడాలి. ఆ కల గురించే ఈ ఉత్తరం. నేను ప్రోగ్రామర్ని కాను, పోర్టు దగ్గర సరుకు రవాణా ఆఫీసులో పని చేస్తాను. కానీ ఈవ్ ఆన్‌లైన్ అనే గేమ్‌ని చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. మీరు చేయాలనుకుంటున్నది దానికి దగ్గరి చుట్టం. అందుకే అందులో ఏది ప్రాణం పోస్తుందో, ఏది విసిగిస్తుందో ఆడినవాడి వైపు నుంచి మీకు చెప్పాలనిపించింది.

ముందుగా ఒక సందేహం తీర్చేస్తాను. "ఇంత పెద్ద గేమ్ మన ఊరి నుంచి అవుతుందా అన్నా?" అని ఒకబ్బాయి అడిగాడు. ఈవ్ ఆన్‌లైన్ తయారైంది ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో. ఐస్‌లాండ్ దేశం మొత్తం జనాభా నాలుగు లక్షలకు అటూ ఇటూ. 2011 లెక్కల ప్రకారమే మన విశాఖ నగరంలో 17 లక్షలమందికి పైగా ఉన్నారు. అక్కడ 1997లో సీసీపీ అనే కంపెనీ పెట్టినవాళ్లు, డబ్బు కూడబెట్టుకోవడానికి ముందు ఒక బోర్డ్ గేమ్ తయారు చేసి అమ్మారు. ఆ తర్వాత 2003 మే 6న ఈవ్ విడుదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి ఊరు చిన్నదన్న భయం పెట్టుకోకండి. మీరు చేసే గేమ్ ఎన్నేళ్లు నిలబడుతుంది, దేనివల్ల నిలబడుతుంది అన్న ప్రశ్న మాత్రం మొదటిరోజే వేసుకోండి.

నా దృష్టిలో ఈవ్ నిలబడింది ఒక్క నమ్మకం మీద. అందులో పోయింది పోయినట్టే, సంపాదించింది సంపాదించినట్టే. ఆ నమ్మకాన్ని కంపెనీ కాపాడినంతకాలం మేం సంతోషంగా ఆడాం. దాన్ని కొంచెం కొంచెంగా అమ్మకానికి పెట్టినప్పుడల్లా బాధపడ్డాం.

చాలా గేమ్‌లలో మీరు చచ్చిపోతే పది సెకన్లలో మళ్లీ లేస్తారు, తుపాకీ చేతిలోనే ఉంటుంది. ఈవ్‌లో షిప్ పేలిపోతే అది ఇక లేదు. దానికి బిగించిన సామానులో కొంత నాశనమవుతుంది, మిగిలింది శత్రువు ఏరుకుపోతాడు. ఇన్సూరెన్స్ ఉంది గానీ దానితో నష్టం పూర్తిగా పూడదు. ఇంకో షిప్ కావాలంటే మళ్లీ కొనుక్కోవాలి. అది ఎవరో ఒక ఆటగాడు తయారు చేసి అమ్మకానికి పెట్టి ఉండాలి. అతను తయారు చేయాలంటే ఇంకెవరో గ్రహశకలాల దగ్గర గంటలకొద్దీ ఖనిజం తవ్వి ఉండాలి. ఒకడు పేలిపోతే ఇంకొకడికి బేరం దొరుకుతుంది. యుద్ధం లేకపోతే ఫ్యాక్టరీలు పడుకుంటాయి.

రోజంతా సరుకు రవాణా లెక్కల్లో ఉండేవాడిని కాబట్టి ఇది నన్ను మొదటినుంచీ కట్టిపడేసింది. ఆ గేమ్‌లో సరుకు దానంతటదే మాయమై ఇంకోచోట తేలదు. ఎక్కడ కొన్నారో అక్కడే ఉంటుంది, ఎవరో ఒకరు షిప్‌లో వేసుకుని తీసుకెళ్లాలి. అందుకే ఒక్కో ప్రాంతంలో ఒక్కో ధర. మీకు తీరిక లేకపోతే ఇంకొకరికి రవాణా కాంట్రాక్టు ఇవ్వొచ్చు. అతను సరుకు విలువకు తగ్గ హామీ సొమ్ము కట్టాలి, సరుకు చేరకపోతే ఆ సొమ్ము మీదే అవుతుంది. పగలు ఆఫీసులో నేను చూసే తగాదాలు, ఆలస్యాలు, దారి ఖర్చులు, ఏ దారిలో ప్రమాదం తక్కువ అన్న లెక్కలు అన్నీ అక్కడ ఉన్నాయి. జిటా అనే సౌరవ్యవస్థలో ఒక స్టేషన్ ఉంది. మొత్తం గేమ్‌లో అతిపెద్ద మార్కెట్ అదే. ఇక్కడ మార్కెట్ ఉండాలి అని డెవలపర్లు నిర్ణయించలేదు. ఆటగాళ్లే కొంటూ, అమ్ముతూ, గుమిగూడుతూ దాన్ని అలా తయారు చేసుకున్నారు. ఈ వ్యవహారం ఎంత ముదిరిందంటే, 2007లో ఎయోల్వుర్ గుడ్‌ముండ్సన్ అనే ఆర్థికవేత్తను కంపెనీ ఉద్యోగంలో పెట్టుకుంది. ఆయన పని గేమ్‌లోని ఆర్థిక వ్యవస్థను గమనించి రిపోర్టులు రాయడం. తర్వాత ఆయన అక్కడి ఒక యూనివర్సిటీకి రెక్టర్ కూడా అయ్యారు.

మీరు గేమ్ డిజైన్ చేసేటప్పుడు ఆయుధాల బొమ్మల కంటే ముందు ఈ గొలుసు గీయండి. తవ్వేవాడు, తయారు చేసేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, పేల్చేవాడు. ఐదుగురికీ ఒకరితో ఒకరికి పని ఉండాలి. కత్తి పట్టుకోనివాడికి కూడా గౌరవమైన బతుకు ఉన్న గేమ్‌లు చాలా తక్కువ.

రెండోది, ఒకే ప్రపంచం. చైనాలో విడిగా ఒక సర్వర్ నడుస్తుంది. మిగతా ప్రపంచమంతా ట్రాంక్విలిటీ అనే ఒక్క సర్వర్‌లో, ఏడు వేలకు పైగా సౌరవ్యవస్థల్లో కలిసి ఆడుతుంది. 2013 మేలో ఒకేసారి 65,303 మంది అందులో ఉన్నారు. గాజువాకలో కూర్చున్న కుర్రాడు, పోలండ్‌లో లారీ నడిపే ఆయన, టెక్సస్‌లో నర్సు ఒకే చోట ఒకే ఖనిజం కోసం పోటీ పడొచ్చు, ఒకే ఫ్లీట్‌లో చేరొచ్చు. ఒకచోట జరిగిన ద్రోహం అందరికీ వార్త. 2009 ఫిబ్రవరిలో అలయన్స్ అనే ఒక పెద్ద ఆటగాళ్ల కూటమిలోని ముఖ్యుడొకడు శత్రువుల వైపు తిరిగి, తన అధికారాలతో ఆ అలయన్స్‌నే రద్దు చేసేశాడు. ఏళ్ల తరబడి కట్టుకున్న సామ్రాజ్యం ఒక్క రాత్రిలో పేరు పోగొట్టుకుంది. అదంతా గేమ్ రూల్స్ లోపలే జరిగింది. వంద సర్వర్లుగా చీలిన గేమ్‌లో ఇలాంటి చరిత్ర పుట్టదు.

2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే వ్యవస్థలో జరిగిన యుద్ధం గురించి మీలో కొందరు వినే ఉంటారు. ఆ వ్యవస్థ మీద హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన బిల్లు సమయానికి జమకాలేదు. దాంతో హక్కు పోయింది, అవతలివాళ్లు వచ్చి పడ్డారు. దాదాపు 21 గంటలు పోరు సాగింది. గేమ్‌లో అతిపెద్ద రకమైన టైటాన్ షిప్‌లు 75 పోయాయి. ఒక్కో టైటాన్ కట్టడానికి ఎంతోమంది నెలలు పని చేయాలి. మొత్తం నష్టాన్ని నిజమైన డబ్బులోకి మారిస్తే సుమారు 3 లక్షల డాలర్లు అవుతుందని లెక్క వేశారు. ఆ శిథిలాలను కంపెనీ తర్వాత తుడిచేయలేదు. గేమ్ లోపల అదే చోట స్మారకంగా ఉంచింది. అదే ఏడాది రెక్యావిక్ హార్బర్‌లో నిజమైన స్మారకం పెట్టి, ఆటగాళ్ల పాత్రల పేర్లు చెక్కించింది. మీరు ఆడింది మాకు లెక్కే అని ఒక కంపెనీ ఇంతకంటే గట్టిగా ఎలా చెబుతుంది?

ఇక మనలాంటి దూరపు ఊళ్లవాళ్లకు అతిముఖ్యమైన విషయం పింగ్, అంటే మన ఆదేశం సర్వర్‌కి వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం. షూటింగ్ గేమ్‌లో సర్వర్ లండన్‌లో ఉండి మీరు విశాఖలో ఉంటే, మీ వేలు కదిలేలోపు అవతలివాడు మిమ్మల్ని కాల్చేస్తాడు. అందులో మీ తప్పేమీ ఉండదు, సముద్రం కింద కేబుల్ అంత పొడవు. ఈవ్ సర్వర్ ప్రపంచాన్ని సెకనుకు ఒక్కసారి లెక్కగడుతుంది. మీ ఆదేశం ఆ సెకనులోపు చేరితే చాలు. సెకనులో ఐదో వంతు ఆలస్యమైనా మనం పెద్దగా నష్టపోం. వేళ్ల వేగం కంటే ముందుచూపు, దారి ఎంపిక, ఎవరిని నమ్మాలన్న నిర్ణయం గెలిపిస్తాయి. నేను ఈ గేమ్‌లో ఇన్నేళ్లు ఉన్నానంటే ఈ ఒక్క డిజైన్ నిర్ణయం పెద్ద కారణం. 2025 అక్టోబర్‌లో గూగుల్ మన ఊళ్లో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్లు వచ్చి చేరే గేట్‌వే పెడతానని ప్రకటించింది. అది వస్తే మంచిదే. కానీ దాన్ని నమ్ముకుని, విశాఖలో మాత్రమే వేగంగా నడిచే గేమ్ చేయకండి. శ్రీకాకుళం పల్లెలో మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవాడు కూడా ఓడితే తన తెలివి చాలక ఓడాలి, నెట్ వల్ల కాదు.

స్కిల్స్ సంగతి కూడా చెప్పాలి. ఈవ్‌లో మీ పాత్ర నైపుణ్యాలు గడియారంతోపాటు పెరుగుతాయి, మీరు లాగిన్ అయినా కాకపోయినా. ఉద్యోగం, పిల్లలు, పరీక్షలు ఉన్నవాడికి ఇది వరం. నేర్చుకోబోయే స్కిల్స్‌ని వరసలో ముందుగా పెట్టుకునే అవకాశం ఒకప్పుడు 24 గంటలకే ఉండేది, అంటే ఆలోపు మొదలయ్యే వాటినే పెట్టగలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటిలో పడినప్పుడు, ఇంట్లో కరెంటు ఎప్పుడొస్తుందో, తాగునీరు ఎక్కడ దొరుకుతుందో అన్న టెన్షన్‌లో గేమ్ ఎవరికి గుర్తుంటుంది? యాదృచ్ఛికమే కావచ్చు, మరుసటి నెలలోనే వచ్చిన అప్‌డేట్‌లో ఆ పరిమితి తీసేసి చాలా పొడవైన వరసకు అవకాశం ఇచ్చారు. మనిషికి గేమ్ బయట ఒక జీవితం ఉందని ఒప్పుకున్న మార్పు అది. మీరూ అలా ఆలోచించండి. రోజూ లాగిన్ కాకపోతే బహుమతి పోతుందని బెదిరించే పద్ధతి దయచేసి వద్దు. (ఈవ్‌లోకి కూడా తర్వాతి ఏళ్లలో రోజువారీ బహుమతులు వచ్చాయి. నాకు నచ్చలేదు.)

ఇంకో మంచి సంగతి క్లుప్తంగా. 2016 నుంచి ఈ గేమ్ లోపలే ఆటగాళ్లతో నిజమైన సైన్స్ పని చేయిస్తున్నారు. మొదట మానవ కణాల్లో ప్రొటీన్ల బొమ్మలు గుర్తించడం, 2017లో నక్షత్రాల వెలుగు గ్రాఫుల్లో కొత్త గ్రహాల జాడ వెతకడం, 2020లో కోవిడ్ పరిశోధనకు సాయం. గ్రహాల ప్రాజెక్టులో భాగస్వామి అయిన మిషెల్ మేయర్‌కు 2019లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మన యూనివర్సిటీ సముద్రశాస్త్రం, వాతావరణశాస్త్రం విభాగాలతో మీరు ఇలాంటిది చేయలేరా?

ఇప్పుడు విసుగు పుట్టించే విషయాలకు వస్తాను. ఇక్కడ మొహమాటపడను.

2011 వేసవిలో గేమ్‌లో ఒక షాపు తెరిచి బట్టలు, అలంకారాలు అమ్మారు. అందులో ఒంటికంటి అద్దం ధర 60 డాలర్ల పైనే. అసలైన అంతరిక్ష ఆటలో ఏళ్ల నాటి లోపాలు అలాగే పడి ఉండగా ఇది వచ్చేసరికి జనం మండిపడ్డారు. వందలమంది జిటాలో చేరి అక్కడి విగ్రహం మీద కాల్పులు మొదలుపెట్టారు. చాలామంది చందాలు రద్దు చేసుకున్నారు. అక్టోబర్‌లో కంపెనీ సీఈవో హిల్మర్ వేగర్ పేటర్సన్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఉద్యోగుల్లో 20 శాతం మందిని తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాతి అప్‌డేట్‌లో మళ్లీ షిప్‌ల మీద దృష్టి పెట్టారు. క్షమాపణ చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఉద్యోగాలు పోయింది మాత్రం ఆ నిర్ణయం తీసుకోని మామూలు ఉద్యోగులకి. అద్దానికి ధర నిర్ణయించేటప్పుడు ఇది కూడా ఆలోచించండి.

నన్ను ఇంతకంటే బాధపెట్టింది 2016 ఫిబ్రవరిలో వచ్చిన మార్పు. అప్పటిదాకా స్కిల్స్ కాలంతోనే వచ్చేవి, ఎంత డబ్బున్నా మీ పాత్రకు విడిగా కొనడం కుదరదు. ఆ నెల నుంచి ఒక పాత్రలోని స్కిల్ పాయింట్లను పిండి, ఇంజెక్టర్‌లో నింపి, ఇంకొకరికి అమ్మే వీలు వచ్చింది. కొత్తగా చేరినవాళ్లు పాతవాళ్లను అందుకోవడానికి ఇదొక దారి అని సమర్థించారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. 2003 నుంచి ఆడుతున్నవాడిని 2016లో చేరినవాడు ఎప్పటికీ అందుకోలేడు కదా. కానీ దాని ఫలితం చూడండి. డబ్బున్నవాడు వారంలో టైటాన్ నడపగలిగాడు. అదే టైటాన్ కోసం ఏళ్లు ఎదురుచూసినవాడి ఓపికకు విలువ లేకుండా పోయింది. తర్వాత కంపెనీయే స్కిల్ పాయింట్లు కలిపిన ప్యాకులు అమ్మడం మొదలుపెట్టింది. కొత్తవాడికి దారి చూపాలంటే చిన్న షిప్‌లతో పెద్ద యుద్ధంలో పనికొచ్చే పాత్ర ఇవ్వాలి. ఆ పని ఈవ్‌లో మొదటినుంచీ ఉంది. కొత్తవాళ్లు చవక షిప్‌లో వెళ్లి శత్రువును కదలకుండా పట్టి ఉంచితే చాలు, ఫ్లీట్‌కి అది ఎంతో సాయం. ఆ దారిని ఇంకా వెడల్పు చేయాల్సింది పోయి, కాలాన్నే సరుకు చేశారు.

ధరల సంగతి. 2022 మేలో నెల చందా 14.99 డాలర్ల నుంచి 19.99 డాలర్లకు పెంచారు. 20 డాలర్లంటే మన రూపాయల్లో 1,600 పైమాటే. హాస్టల్లో ఉండే కుర్రాడికి అది మెస్ బిల్లులో పెద్ద ముక్క. 2016 నవంబర్ నుంచి ఉచితంగా ఆడొచ్చు గానీ చాలా షిప్‌లు, స్కిల్స్ అందుబాటులో ఉండవు. ఇంకో దారి ప్లెక్స్, అంటే చందాగా మార్చుకోగల గేమ్ వస్తువు. ఎవరో డాలర్లు పెట్టి దాన్ని కొని గేమ్ మార్కెట్‌లో అమ్ముతారు, మీరు గేమ్ కరెన్సీ అయిన ఇస్క్‌తో కొని చందా కట్టుకుంటారు. డబ్బు లేని, సమయం ఉన్న విద్యార్థికి ఇది నిజంగా మంచి ఏర్పాటు. కాకపోతే 2010 ప్రాంతంలో నెల చందాకు 30 కోట్ల ఇస్క్ చాలేది. ఇప్పుడు 200 కోట్లు దాటింది. దాని కోసం ఆడేవాడికి ఆట కూలిపనిగా మారుతుంది. గని దగ్గర కూర్చుని తవ్వుతూనే ఉంటాడు, యుద్ధానికి వెళ్లడానికి భయపడతాడు.

పెద్ద యుద్ధాల్లో సర్వర్ తట్టుకోలేక కాలాన్నే నెమ్మది చేస్తుంది. పది శాతం వరకు దిగుతుంది, అంటే నిమిషం పని పది నిమిషాలు. సర్వర్ కూలిపోవడం కంటే ఇది నయమని నేనూ ఒప్పుకుంటాను. అయినా దీనికీ హద్దుంది. 2020 డిసెంబర్ ఆఖరులో ఎం2-ఎక్స్‌ఎఫ్‌ఈలో 257 టైటాన్లు పోయిన మహాయుద్ధం తర్వాత, జనవరి మొదట్లో మళ్లీ దాడికి వెళ్లినవాళ్లలో చాలామందికి తెర మీద ఏమీ కనబడకముందే షిప్‌లు పోయాయి. శత్రువు చేతిలో పోతే బాధపడతాం, మళ్లీ కట్టుకుంటాం. సర్వర్ చేతిలో పోతే ఎవరిని అడగాలి? నేను మొదట చెప్పిన నమ్మకం అక్కడ తెగిపోతుంది.

మనకు దీనికి తోడు నిద్ర సమస్య. స్థావరం మీద ఆఖరి దాడి ఏ గంటలో జరగాలో ఎంచుకునేది రక్షించేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికావాళ్లు. లండన్‌లో రాత్రి ఎనిమిదంటే చలికాలంలో విశాఖలో ఒంటిగంటన్నర. దానికి నెమ్మదించిన కాలం తోడైతే తెల్లారి ఆరున్నర దాకా కూర్చోవాలి, తొమ్మిదిన్నరకి ఆఫీసు. ఆసియా ఆటగాళ్లకు అనుకూలమైన యుద్ధాలు లేవని కాదు, కథలుగా మిగిలేవి ఎక్కువగా వాళ్ల సాయంత్రాల్లోనే జరుగుతాయి.

కొత్తగా చేరేవాళ్ల కష్టం గురించి కూడా రాయాలి. మా తమ్ముడి వరస కుర్రాడొకడిని చేర్పిస్తే, మొదటి గంటలోనే "అన్నా, ఇది గేమా, ఎక్సెల్ షీటా?" అని అడిగాడు. కిటికీలు, పట్టికలు, మెనూలో ఇంకో మెనూ. ఇంగ్లీష్ గడగడా చదివేవాడికే కష్టం. ఆ గేమ్ జర్మన్, ఫ్రెంచ్, రష్యన్, జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్ భాషల్లో కూడా వస్తుంది. తెలుగులో లేదు, ఏ భారతీయ భాషలోనూ లేదు. దీన్ని మీరు సరిచేయగలరు. ఖనిజం తవ్వడం, బేరం, రవాణా, పొత్తు, ద్రోహం ఇవన్నీ మన పిల్లలకు తెలుగులో బోధపడేలా రాస్తే, తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు కూడా ఫ్లీట్ నడపగలడు.

దొంగతనం, మోసం మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. ఈవ్‌లో ఆట లోపలి మోసానికి అనుమతి ఉంది. భద్రత ఎక్కువ ఉన్న వ్యవస్థల్లో కూడా పోలీసులు దాడి జరిగాకే వస్తారు. దాడి చేసినవాడికి శిక్ష పడుతుంది, మీ సరుకు మాత్రం తిరిగి రాదు. ఉయెడామా లాంటి చోట్ల పెద్ద సరుకు షిప్‌ల కోసం కాపు కాస్తారు. ఇది ఉండాలనే నేనంటాను. ప్రమాదం లేకపోతే రవాణాకు ధరే ఉండదు. కానీ మొదటి వారంలో ఉన్న పిల్లవాడిని మోసగించి వాడు ఏడ్చేదాకా వేధించడం వేరు. అక్కడ గేమ్ రూల్ కంటే మనిషి మర్యాద ముఖ్యం, దాన్ని కాపాడే ఉద్యోగులను మీరు పెట్టుకోవాలి. ముఖ్యంగా అమ్మాయిలు వాయిస్ చాట్‌లో నోరు తెరవడానికి భయపడే పరిస్థితి మీ గేమ్‌లో రానివ్వకండి.

ఈవ్‌లో 2008 నుంచి ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకునే కౌన్సిల్ ఉంది. వాళ్లు కంపెనీతో నేరుగా మాట్లాడతారు. అన్ని మాటలూ నెగ్గవు, అయినా చెడు నిర్ణయం వచ్చే ముందు వద్దు అని చెప్పే నోరు ఒకటి లోపల ఉంటుంది. మీరు మొదటి వంద మంది ఆటగాళ్లు రాగానే ఇలాంటిది పెట్టండి, లక్ష మంది అయ్యేదాకా ఆగొద్దు.

డబ్బు ఎలా వస్తుంది అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌నీ మామూలు గేమ్‌లనూ ప్రోత్సహిస్తామంది. అంటే ఆ సులువైన దారి ఎలాగూ మూసుకుంది. చందా పెట్టండి, మన జేబుకు తగ్గట్టు పెట్టండి. షిప్‌కి రంగులు అమ్మండి, నేను కొంటాను. కాలం, గెలుపు, అనుభవం, ఈ మూడూ అమ్మకండి.

చివరగా ఒక మాట ఇస్తున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి గేమ్‌కి మొదటి నమూనా చేస్తే, మార్కెట్ పేజీ ఒక్కటి పని చేసినా చాలు, ఆదివారాలు వచ్చి కూర్చుని ఆడి, ధరలు ఎక్కడ తేడాగా కదులుతున్నాయో, సరుకు ఎక్కడ ఇరుక్కుంటోందో రాసిస్తాను. మా ఆఫీసులో ఇంకో ఇద్దరు ఆడేవాళ్లున్నారు, వాళ్లనీ తీసుకొస్తాను. గ్రాఫిక్స్ పూర్తయ్యేదాకా ఆగకండి, రవాణా లెక్కలు రాగానే పిలవండి.

ఇట్లు,
విశాఖ పోర్టు దగ్గర పనిచేసే ఒక ఈవ్ ఆటగాడు